గవ్వలపాలెం ఎక్కడుందో రాయమన్నారు

గొలుసుకు రెండు కొసలు

సర్వే శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. మా అమ్మ మాత్రం చివరిదాకా నేను రోడ్లు వేయిస్తాననే అనుకుంది. మూడు కాళ్ల మీద యంత్రం నిలబెట్టి ఒక కన్ను మూసి చూసేవాడు రోడ్డు వేయించడానికే వచ్చాడని సిద్దిపేటలో చాలామంది నమ్మకం. నేనూ కాదనలేదు. రోడ్డు వేయించేవాడికి వాడకట్టులో మర్యాద ఎక్కువ.

ఈమధ్య మా గల్లీలో ఇద్దరు పిల్లలు సర్వేయర్ పరీక్ష పాసయ్యారు. "పని ఎట్లుంటది ఖాజా సార్?" అని అడుగుతున్నారు. జీతాలు, ప్రమోషన్ల సంగతి వాళ్లకు నాకన్నా బాగా తెలుసు. అందుకని అవి వదిలేసి పని గురించే రాస్తున్నాను. అన్నీ రాయను. గవ్వలపాలెం గురించి రాస్తాను. దానికి ముందు ధూళిమిట్ట గురించి కొంచెం చెప్పాలి.

నా మొదటి పై అధికారి నర్సింహారెడ్డి గారు. మాట తక్కువ, బీడీలు ఎక్కువ. కొత్తలో నన్ను ధూళిమిట్టలో ఒక పొలం గెట్టు పంచాయితీకి తీసుకుపోయారు. అన్నదమ్ములిద్దరికీ మాటల్లేక చాలా ఏళ్లయింది. సారు కొలత గొలుసు తీసి ఒక కొస అన్న చేతిలో, ఇంకో కొస తమ్ముడి చేతిలో పెట్టారు. గొలుసు బిగువుగా ఉండాలంటే ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ లాగాలి.

"జర గట్టిగ గుంజు, బువ్వ తినలేదా?" అన్నాడు అన్న.

"నువ్వే వదులు జేసినవ్," అన్నాడు తమ్ముడు.

అట్లా మాటలు మొదలయ్యాయి. పంచాయితీ తెగిందని కాదు. ఆ తర్వాత కూడా ఇద్దరూ కోర్టుకు పోయారు. కాకపోతే ఒకే బండి మీద పోయారు. నర్సింహారెడ్డి గారు దాన్నే విజయంగా లెక్కేసుకున్నారు. కొలత జరిగేటప్పుడు ఎవరూ పక్కన నిలబడి చూడకూడదు, అందరి చేతిలో ఏదో ఒకటి ఉండాలి అనేవారు. నౌకరీలో నాకు ఎవరైనా ఏమైనా నేర్పారంటే అదే.

సముద్రం వైపు బదిలీ

ఉద్యమం ఊపు మీద ఉన్న రోజుల్లో నాకు సముద్రం వైపు బదిలీ అయింది. అప్పటికి నాది రాష్ట్రస్థాయి పోస్టు, ఎక్కడికైనా వెయ్యవచ్చు. సిద్దిపేటలో ఊరంతా తెలంగాణ కావాలని టెంట్లు వేసుకుని కూర్చుంటే, నేను పెట్టె సర్దుకుని ఉత్తర కోస్తాలో ఒక రేవు పట్నానికి పోయాను. నా భార్య షమీమ్ సిద్దిపేటలో సర్కారు బడి టీచరు. ఆమె ఇక్కడే ఉండిపోయింది.

ఆ పట్నంలో ఆఫీసు ఎదురుగా ఉన్న చాయ్ హోటలాయన నన్ను చూడగానే "రండి, తెలంగాణ గారూ!" అనేవాడు. మొదట్లో వెటకారం అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆయనకు నా పేరు నోరు తిరగలేదు. నేను నోరు జారి "గదేంది?" అంటే ఆఫీసులో వాళ్లు నవ్వు ఆపుకునేవారు. వాళ్లు "ఏటి?" అంటే నేను ఆపుకునేవాణ్ని. అంతకుమించి గొడవేమీ జరగలేదు.

అక్కడ నా పై అధికారి మూర్తి గారు. ఆయనకు ఒకే సిద్ధాంతం ఉండేది. పొద్దున టేబుల్ మీదికి వచ్చిన ఫైలు మధ్యాహ్నం భోజనానికి ముందే ఇంకొకరి టేబుల్ మీదికి పోవాలి. ఆ సిద్ధాంతం ప్రకారమే గవ్వలపాలెం ఫైలు నా దగ్గరికి వచ్చింది.

"చిన్న పనయ్యా. గవ్వలపాలెం ఎక్కడుందో, ఎప్పటి నుంచి ఉందో రాసి పంపు," అన్నారు.

ఊరు ఎక్కడుందో రాయడానికి నాలాంటి అసిస్టెంట్ డైరెక్టరు ఎందుకని అడగబోయాను. అప్పటికే ఆయన క్యారియర్ విప్పుతున్నారు.

రెండు గవ్వలపాలేలు

పట్నం చివర, సముద్రాన్ని ఆనుకుని ఉంది గవ్వలపాలెం కాలనీ. వరసగా మేడలు, వాటి ముందు కొబ్బరి చెట్లు, గేట్ల మీద పేర్లు. కాలనీకి పార్కు కోసమని వదిలిన జాగాలో పార్కు లేదు. అక్కడ తాటాకు ఇళ్లు, రేకుల ఇళ్లు, ఆరవేసిన వలలు ఉన్నాయి. అదీ గవ్వలపాలెమే. రెండు గవ్వలపాలేలకూ నడుమ నడుమెత్తు గోడ ఉంది. చేపలమ్మే ఆడవాళ్లు నెత్తిన తట్టతోనే ఆ గోడ దాటేవారు.

ఆ ఇళ్లు తీయించాలని కలెక్టరుకు అర్జీ పెట్టిన కాలనీ సంఘానికి వెంకట్రాజు గారు అధ్యక్షులు. రేవులో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇస్త్రీ చెడని తెల్లచొక్కా, మర్యాదగా మాట. ఇల్లు మొదటి వరసలో, సముద్రానికి ఎదురుగా ఉంది.

"ఖాజా గారూ, వాళ్ల మీద నాకు కోపమేం లేదండి. చేపలు వాళ్ల దగ్గరే కొంటాం. కానీ పార్కు పార్కే కదండీ? వాళ్లు ఎక్కడి నుంచో వచ్చి ఆక్రమించుకున్నారు. గవ్వలపాలెం అంటే ఈ కాలనీయే," అన్నారు.

"పాత గ్రామ పటంలో ఊరు చూపించారు కదండీ," అన్నాను.

"ఎక్కడ చూపించారో మీరు చూశారా? సముద్రంలో! పటం గీసినవాడు పొరపాటు పడ్డాడు. సముద్రంలో ఊరెలా ఉంటుందండీ?"

ఆయన మాట కొట్టిపారేసేది కాదు. పాత పటాల్లో తప్పులుంటాయి. నేనే చాలా చూశాను.

గోడ అవతల అప్పలమ్మ అనే పెద్దావిడ నన్ను పట్టుకుంది. చేపల తట్ట దించి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏటి బాబూ, మా ఊరు ఎక్కడుందో సెప్పడానికొచ్చిన ఆఫీసరువి నువ్వేనా?"

"అవునమ్మా."

"అదిగో," అని సముద్రం వైపు చెయ్యి చూపించింది. "ఆడుండేది. అమ్మోరి గుడి, నుయ్యి, మా అత్తోరిల్లు అన్నీ ఆడే. సముద్రం మింగీసింది. మింగినప్పుడల్లా ఎనక్కి జరిగినాం. ఇంక జరగడానికి జాగా నేదు. గోడ అడ్డొచ్చీసినాది."

"నుయ్యి ఎక్కడుండేదో గుర్తుందా?"

ఆమె పెద్దవాళ్లను కేకేసింది. ముగ్గురు ముసలాళ్లు వచ్చి మూడు దిక్కులు చూపించారు. ఒకాయన చూపించిన చోట ఓడ నిలబడి ఉంది. ఆ ముగ్గురి మధ్యా తగువు మొదలైంది. నేను వచ్చేసేటప్పటికి నుయ్యి సంగతి పోయి, ఎవరి పెళ్లిలో ఎవరు అలిగారన్న దాకా వెళ్లింది.

విషయం ఇదీ. ఊరు నిజంగా సముద్రం కిందకు పోయి ఉంటే, వీళ్లు ఇళ్లు కోల్పోయినవాళ్లు. వేరే జాగా చూపించకుండా కదపడానికి వీల్లేదు. ఊరు అక్కడ ఎప్పుడూ లేకపోతే, వీళ్లు ఆక్రమణదారులు. బుల్డోజరు వస్తుంది. ఏదో ఒకటి నేను తేల్చి రాయాలి. మా సిద్దిపేట దగ్గర చెరువుల్లో నీళ్లు వస్తాయి, పోతాయి, కట్ట మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఒడ్డే నడిచిపోవడం నేను చూడడం అదే మొదలు.

ఫంక్షన్ హాలులో దేవత

కొలత మొదలుపెట్టాలంటే కదలని గుర్తు ఒకటి కావాలి. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే చోట పూర్వం పెద్ద రాయి పాతేవారు. గవ్వలపాలెం తాలూకు రాయి కోసం వెతికితే ఒక ఫంక్షన్ హాలు ఆవరణలో దొరికింది. పసుపు రాసి, బొట్లు పెట్టి, గాజులు వేసి ఉంది. దేవత అయిపోయి చాలా కాలమైనట్టుంది. చెప్పులు విప్పి దగ్గరగా పోయి చూస్తే, కుంకుమ కింద మా శాఖ చెక్కించిన బాణం గుర్తు కనిపించింది. దేవతకు ఎదురుగా యంత్రం పెట్టాను. ఆమె ఏమీ అనలేదు. వాచ్‌మన్ అన్నాడు. ఆ రోజు పెళ్లి ఉందట, పెళ్లివారు యంత్రాన్ని చూసి రోడ్డు వెడల్పు చేస్తారని భయపడ్డారట.

ఆ రాయి నుంచి పాత పటం ప్రకారం లెక్క కట్టుకుంటూ పోతే, ఊరి బావి ఉండాల్సిన చోటు నీళ్లలో పడింది. అలలు విరిగే గీతకు కాస్త అవతల. లెక్క మాత్రమే చాలదు. పటం తప్పైతే లెక్కా తప్పే. ఆ చోట నిజంగా ఏమైనా ఉందా అని చూడాలి. అమావాస్య వెళ్లాక సముద్రం బాగా వెనక్కి పోతుంది, అప్పుడు ప్రయత్నిద్దామని అప్పలమ్మ కొడుకు ఎర్రన్న అన్నాడు. దానికింకా వ్యవధి ఉంది. ఈలోపు ఇల్లు చూసి వద్దామని సెలవు పెట్టాను.

మూర్తి గారు సెలవు ఇచ్చారు. ఇస్తూనే, "ఆలస్యమైతే ఇంకొకరిని వేస్తానయ్యా," అన్నారు. ఆ ఇంకొకరు ఎవరో నాకు తెలుసు. పక్క గదిలో ఉండే అధికారి. గవ్వలపాలెం వైపు కాలు పెట్టకుండానే ఆక్రమణ అని రిపోర్టు టైపు చేయించి పెట్టుకున్నాడు. ఇట్లాంటివాళ్లు మీకు ప్రతి ఆఫీసులోనూ ఒకరు కనిపిస్తారు. చాలా చురుకైనవాళ్లని పేరు కూడా ఉంటుంది.

సిద్దిపేట టెంటులో

అప్పుడు తెలంగాణలో సకల జనుల సమ్మె నడుస్తున్నది. బస్సుల్లేవు. సికింద్రాబాద్ దాకా వచ్చి, కూరగాయలు దింపి ఖాళీగా తిరిగిపోతున్న డీసీఎం వ్యానులో సిద్దిపేట చేరాను. టమాట వాసనతో ఇంటికి పోతూ దీక్షా శిబిరం ముందు నుంచి నడుస్తుంటే రాజలింగం చూశాడు. నాతో బడిలో చదువుకున్నవాడు, అప్పటికి ఉద్యోగుల నాయకుడు.

"ఖాజా! ఎప్పుడొచ్చినవ్‌రా? రా రా, కూసో. ఇయ్యాల దీక్షల ఒగలు తక్వ వడ్డరు."

నేను ఏదో అనేలోపే మెడలో దండ పడింది. మైకులో, "మన సిద్దిపేట బిడ్డ, ఆంధ్రల నౌకరి జేసుకుంట గూడ మన కోసం ఉరికొచ్చిండు," అని చెప్పేశాడు. చప్పట్లు కొట్టారు. ఇంటికి పోతున్నానని చెప్పడానికి అదను పోయింది. సాయంత్రం దాకా కూర్చున్నాను. కూర్చున్నందుకు చిన్నతనమేమీ అనిపించలేదు. నాకూ తెలంగాణ కావాల్సిందే. దండ వేయకపోయినా మర్నాడు వచ్చి కూర్చునేవాణ్ని.

పక్కన నారాయణరావుపేట రైతు ఒకాయన కూర్చున్నాడు. గాడ ఏం పని చేస్తున్నవని అడిగాడు. ఊసుపోక గవ్వలపాలెం సంగతి చెప్పాను.

"సముద్రం మింగిన ఊరికి పట్టా ఎవలిస్తరు?" అన్నాడాయన.

"ఇయ్యకుంటే గాళ్లేడికి వోవాలె?" అంది వెనక నుంచి ఒకామె. ఆమె అక్కన్నపేట నుంచి కూలిపని మానుకుని వచ్చింది.

"గాళ్ల లొల్లి మనకెందుకే? గాళ్లు ఆంధ్రోళ్లు."

"ఆంధ్రోళ్లైతే ఇల్లు మునుగదా?"

టెంటు రెండు పక్షాలైంది. పార్కు జాగా ఎవరిదన్న దాని మీద వాదన పెరిగి, ఒకాయన లేచి నిలబడి కాలనీ వాళ్ల తరఫున మాట్లాడటం మొదలుపెట్టాడు. రాజలింగం మైకు తీసుకుని, "దయచేసి అందరు మన డిమాండ్ మీదికి రావాలె," అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

దీక్ష ముగిశాక నన్ను పక్కకు పిలిచాడు.

"సమ్మె అయ్యేదాక ఉండరాదు? నీ అసొంటి ఆఫీసర్ కూసుంటె మాకు బలం."

"నేను పోకుంటె ఇంకొకన్ని ఏస్తర్‌రా. గాయన ఊరు సూడకుండనే రిపోర్టు తయార్ జేసి పెట్టిండు. సంతకమే తక్వ."

"సూడకుండనేనా?"

"సూడకుండనే."

రాజలింగం, "మన సంగతి గూడ ఇన్నేండ్లు గట్లనే రాసిన్రు గదరా," అన్నాడు. నా మెడలో దండ సరిచేసి, "పో. కని ఓ ఫోటో దిగి పో," అన్నాడు.

ఇంట్లో షమీమ్ సమ్మెలోనే ఉంది. బడి లేక ఇల్లంతా దులిపి పెట్టింది. నేను ఉండాలా పోవాలా అని నసుగుతుంటే, "వో లోగాఁ రాస్తా దేఖ్‌రై హోంగే. జాకే ఆవ్," అంది. వాళ్లు దారి చూస్తుంటారు, పోయి రమ్మని. అంతటితో ఆపకుండా, వచ్చేటప్పుడు ఎండు రొయ్యలు తెమ్మంది. పోయినసారి తెచ్చినవి బాగాలేవట.

నీళ్లలో బావి

అమావాస్య వెళ్లిన మర్నాడు మధ్యాహ్నం గవ్వలపాలెం ఒడ్డున చేరాం. కాలనీ వాళ్లు, పాలెం వాళ్లు అందరూ వచ్చారు. నర్సింహారెడ్డి గారి మాట ప్రకారం ఎవరినీ ఊరికే నిలబడనివ్వలేదు. ముగ్గురు ముసలాళ్లకు గొడుగు అప్పజెప్పాను. యంత్రం మీద ఎండ పడకుండా పట్టుకోవాలి. గొడుగు ఎటు వంచాలన్న దానిపై వాళ్లలో వాళ్లకు భేదాభిప్రాయం వచ్చింది.

నాకు ఈత రాదు. ఆ సంగతి ముందే చెప్పాను. ఎర్రన్న నా నడుముకు మోకు కట్టి, రెండో కొస ఒడ్డున ఉన్న కుర్రవాళ్లకు ఇవ్వబోయాడు. వెంకట్రాజు గారు ముందుకొచ్చి ఆ కొస తానే అందుకున్నారు.

"నేనూ వస్తానండి. పటం తప్పో కాదో నా కళ్లతో చూడాలి," అన్నారు. ఆ కొస నడుముకు చుట్టుకుని, తెల్లచొక్కాతోనే నీళ్లలోకి దిగారు.

నడుములోతు, ఛాతీలోతు. ప్రతి అలకూ ఎర్రన్న "ఎగరండి!" అని అరిచేవాడు. నేను ఎగిరేసరికి అల అయిపోయేది. ఒడ్డున యంత్రం దగ్గర మా జూనియర్ సర్వేయర్ జెండా ఊపి ఎడమకు, కుడికి అని సైగ చేస్తున్నాడు. లెక్క ప్రకారం చేరాల్సిన చోటికి చేరాం. అక్కడ ఇసుక తప్ప ఏమీ లేదు. చేతిలో కర్రతో పొడుస్తూ అటూ ఇటూ తిరిగాం. ఏమీ లేకపోతే ఏమీ లేదనే రాయాలి. తాటాకు ఇళ్లు నా వెనకే కనిపిస్తున్నాయి. అటు తిరిగి చూడలేదు.

ఎర్రన్న కర్ర ఠక్కుమంది. రాయి అనుకున్నాం. అల వెనక్కి లాగినప్పుడు నీళ్లలో గుండ్రంగా ఒక అంచు కనిపించింది, నాచు పట్టి, గుల్లలు అంటుకుని. మళ్లీ అల వచ్చి కప్పేసింది. వెంకట్రాజు గారు వంగి నీళ్లలో చెయ్యి పెట్టారు. ముక్కులోకి నీళ్లు పోయాయి. అయినా చెయ్యి తియ్యలేదు. అంచు చుట్టూ తడుముకుంటూ పోయి లేచారు.

"ఇటుకేనండి. గుండ్రంగా ఉంది. లోపల ఇసుక నిండిపోయింది," అన్నారు. ఇంకోసారి తడిమి చూసి, "నుయ్యే," అన్నారు.

చుట్టూ ఉన్న నేల సముద్రంలోకి కొట్టుకుపోతే, లోతుకు కట్టిన బావి గట్టిగా మిగిలిపోయింది. దాని మీద కర్ర నిలబెట్టాను. ఒడ్డున జూనియర్ లెక్క చదువుకున్నాడు. పటంలో బావి ఉన్న చోటుకూ, ఇదున్న చోటుకూ బారెడు తేడా.

ఒడ్డుకు వచ్చాక అప్పలమ్మ ఏదో ఒకటి అంటుందనుకున్నాను. ఆమె వెంకట్రాజు గారికి తువ్వాలు ఇచ్చి, "ముక్కు సీదుకోండి బాబూ," అంది. తర్వాత ఇసుకలో కూర్చుని నీళ్లకేసి చూస్తూ ఏడ్చింది. ఎర్రన్న పక్కన కూర్చున్నాడు. ఆ ఊరికి కోడలుగా వచ్చినప్పుడు ఆమె మొదట నీళ్లు తోడింది ఆ నూతిలోనేనని తర్వాత చెప్పాడు.

ఆ రోజే అక్కడికక్కడే పంచనామా రాశాను. అందరూ వేలిముద్రలు, సంతకాలు పెట్టారు. వెంకట్రాజు గారు చదివి, "బావి ఉన్నంత మాత్రాన పార్కు వాళ్లదైపోదండి," అన్నారు. అని సంతకం చేశారు.

విశేషణాలు

రిపోర్టు రాయడానికి కూర్చుంటే నాకు ఊపు వచ్చింది. తరతరాలుగా, నోరులేని అమాయకులు, సముద్రుడి కోపానికి బలైన బతుకులు అని చాలా పేజీలు రాశాను. చదువుకుంటే నాకే కళ్లు చెమర్చాయి. మూర్తి గారికి ఇచ్చాను. ఆయన భోజనం పక్కన పెట్టి మరీ చదివారు. ఆ ఆఫీసులో అట్లా జరగడం అదే మొదటిసారి.

"ఇది సర్వే రిపోర్టా, సంతాప తీర్మానమా?" అన్నారు.

ఎర్ర పెన్ను తీసి కొట్టివేయడం మొదలుపెట్టారు. అమాయకులు పోయారు. తరతరాలు పోయాయి. సముద్రుడు పోయి సముద్రం మిగిలింది. రాయి, బావి, ఊరు, ఊరు జరిగిన దిక్కు, ఇప్పుడున్న చోటు. చివరికి మూడు పేజీలు మిగిలాయి. నాకు ఒళ్లు మండింది.

"జాలి పడి రాశావనుకో, అవతలి వకీలు మొదట జాలినే పట్టుకుంటాడు. దాన్ని లాగితే బావి కూడా వస్తుంది. ఇప్పుడు ఏం పట్టుకుంటాడు?" అన్నారు.

ఆయన గురించి నేను అప్పటిదాకా అనుకున్నది చాలావరకు నిజమే. ఫైలు వదిలించుకోవాలనే ఆయన తపన. కానీ ఆ మూడు పేజీల్లో వకీలుకు చెయ్యి పెట్టే సందు లేకుండా చేసింది ఆయనే. పక్క గది అధికారి టైపు చేయించుకున్న రిపోర్టు ఆయన టేబుల్ మీదే ఉండేది. దాన్ని తిరగేసి, దాని మీద క్యారియర్ పెట్టుకున్నారు. మీకు నచ్చని పై అధికారి దగ్గర కూడా నేర్చుకునేది ఉంటుంది. అది ఆయనకు చెప్పాల్సిన అవసరం లేదు. నేను చెప్పలేదు.

ఇంకో సమ్మె

కలెక్టరాఫీసులో విచారణ వాయిదాలు పడుతూ పోయింది. ఈలోపు తెలంగాణ ఇస్తామని ప్రకటన వచ్చింది. సిద్దిపేటలో రంగులు చల్లుకున్నారని షమీమ్ ఫోన్లో చెప్పింది. రేవు పట్నంలో మర్నాటి నుంచి మా ఆఫీసుకు తాళం. ఈసారి రాష్ట్రం విడిపోవద్దని కోస్తావాళ్ల సమ్మె. నేను గేటు దగ్గరికి పోతే మా గుమస్తా ఇబ్బందిగా నవ్వి, "మీరు మాతో సమ్మె చెయ్యకూడదు కదండీ. అలాగని లోపలికీ పంపలేం," అన్నాడు. చాయ్ హోటలాయన కుర్చీ వేశాడు. నా నౌకరీలో రెండు పెద్ద సమ్మెలు జరిగాయి. రెండింటికీ నేను అవతలి ఒడ్డునే ఉన్నాను.

సమ్మె అయిపోయాక, విచారణకు ముందు, తుఫాను వచ్చింది. పెద్దదేమీ కాదు, పేపర్లో లోపలి పేజీలో వేశారు. కాలనీ మొదటి వరస ప్రహరీ గోడలన్నీ సముద్రంలోకి ఒరిగిపోయాయి. వెంకట్రాజు గారి వరండాలో సగం పోయింది. నేను పోయేసరికి ఎర్రన్న, పాలెం కుర్రవాళ్లు వాళ్ల మంచాలు, బీరువా మోసుకుంటూ నడుమెత్తు గోడ మీదుగా ఇటు దాటిస్తున్నారు. రాజు గారి భార్య అప్పలమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. రాజు గారు మాత్రం మిగిలిన సగం వరండాలో నిలబడి ఎదురుగా చూస్తున్నారు. తెల్లచొక్కా నలిగిపోయి ఉంది. నేను పోయి మంచం ఒక కొస పట్టుకున్నాను.

విచారణ రోజున కలెక్టరాఫీసు హాలు నిండిపోయింది. కాలనీ తరఫు వకీలు మూడు పేజీలనూ అటు తిప్పి ఇటు తిప్పి, పటం తప్పై ఉండవచ్చని, నీళ్లలో కనిపించింది ఏదైనా కావచ్చని చెప్పాడు. విచారణ జరుపుతున్న అధికారి, కాలనీ సంఘం అధ్యక్షుణ్ని అడిగారు, మీరేమైనా చెప్పేది ఉందా అని.

వెంకట్రాజు గారు లేచారు.

"నేను చేత్తో తాకానండి. అది ఊరి నుయ్యే," అన్నారు. కూర్చున్నారు.

వకీలు తన కాగితాలు సర్దుకున్నాడు. కాలనీ వాళ్లలో కొందరు ఆ రోజు నుంచి రాజు గారితో మాట్లాడలేదు. పాలెం పాత ఊరేనని, సముద్రం కోతతో జరిగిందని, ఇప్పుడున్న చోటే ఇళ్ల పట్టాలు ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. పార్కు ఇంకోచోట ఇస్తామన్నారు. ఇచ్చారో లేదో నాకు తెలియదు.

రాష్ట్రం ఏర్పడ్డాక నన్ను తెలంగాణకు కేటాయించారు. పెట్టె సర్దుకున్నాను. అప్పలమ్మ ఎండు రొయ్యల మూట తెచ్చి ఇచ్చింది.

"మీది ఏరే రాష్ట్రం అయిపోనాదంట గదా. మళ్లీ రావాలంటే ఏటైనా అడుగుతారేటి?"

"టికెట్ అడుగుతరమ్మా," అన్నాను.

రొయ్యలు బాగున్నాయని షమీమ్ ఒప్పుకుంది.

మళ్లీ చూసినప్పుడు

రిటైరయ్యాక ఒకసారి షమీమ్‌కు సముద్రం చూపిద్దామని పోయాను. కాలనీ మొదటి వరస లేదు. వెంకట్రాజు గారి ఇల్లు ఉండాల్సిన చోట కొబ్బరి మొద్దు ఒకటి నీళ్లలో నిలబడి ఉంది. ఎర్రన్న పట్టా వచ్చాక రెండంతస్తుల ఇల్లు కట్టాడు. మేడ మీది వాటాలో రాజు గారు, భార్య కిరాయికి ఉంటున్నారు. కొడుకు పట్నం నడిబొడ్డున ఫ్లాట్ తీసుకుని రమ్మన్నా, సముద్రం కనిపించకపోతే నిద్రపట్టదని పోలేదట. కుళాయి నీళ్ల దగ్గర అప్పలమ్మకూ ఆయనకూ రోజూ తగువేనని ఎర్రన్న చెప్పాడు. చెబుతూ నవ్వాడు కాబట్టి నేను కంగారు పడలేదు.

మేం అప్పలమ్మ అరుగు మీద చాయ్ తాగుతుండగా జీపు వచ్చి ఆగింది. ఒక కుర్ర సర్వేయరు దిగి, మూడు కాళ్ల స్టాండు విప్పుతూ, ఒడ్డు వెంట రోడ్డు వేస్తారని, ఇళ్లు ఎప్పటివో రాసుకోవాలని ఎవరితోనో అంటున్నాడు. మేడ మీద నుంచి వెంకట్రాజు గారు దిగి వచ్చారు. ఇస్త్రీ చొక్కా లేదు, లుంగీ కట్టుకుని ఉన్నారు. నన్ను చూడలేదు. తిన్నగా ఆ కుర్రవాడి మీదికి పోయారు.

"ఎవరయ్యా నిన్ను పంపింది? ఈ ఊరు ఎప్పటి నుంచి ఉందో నీకు తెలుసా? అదిగో, అక్కడ నుయ్యి ఉండేది. అమ్మవారి గుడి ఉండేది. తాతల నాటి నుంచి ఉన్నాం ఇక్కడ! ఆ యంత్రం పెట్టే ముందు వచ్చి నన్నడుగు, నేను చెబుతాను!"

కుర్రవాడు బిత్తరపోయి పుస్తకం తీశాడు. నేను లేవబోయాను. అప్పలమ్మ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"ఉండు బాబూ, సెప్పనీ," అంది. "గుడి మాత్రం అటు కాదు. తరవాత సెప్తాను."